ఫాల్గుణంలో కత్తెర వద్దు

ముంబయి రహదారి మీద జహీరాబాద్ దాటాక, కర్ణాటక సరిహద్దుకు కాస్త ముందు వస్తుంది చిరాగ్‌పల్లి. చెక్‌పోస్టు పేరుతోనే చాలామందికి గుర్తు. నేను వెళ్ళింది గులాబీల కోసం. ఫాల్గుణం వచ్చి నాలుగు రోజులే అయినా, పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది.

పోయినేడు ఇదే రోజుల్లో, వసంతం మొదట్లో గులాబీలను మోకాలెత్తుకు కత్తిరించాలని ఒక ఇంగ్లండు తోటపని పుస్తకంలో చదివాను. హైదరాబాదులో మా మేడ మీదున్న పన్నెండు మొక్కలనూ అలాగే కోసేశాను. నెల తిరక్కముందే కొమ్మలు కొసల నుంచి నల్లబడుతూ కిందికి ఎండిపోయాయి. ఏడు మొక్కలు పోయాయి. వాటిలో మా అమ్మ నాటిన ఎర్ర గులాబీ కూడా ఉంది. ఈసారి మొక్కల మధ్య బతికేవాళ్ళను అడిగాకే కత్తెర పట్టాలనుకున్నాను.

తెలిసినవాళ్ళు చూపిన ఇంటి వెనక ఎర్రమట్టిలో ముప్పై దాకా చెట్లున్నాయి. వాటిని సాకే పెద్దమ్మ నా కథంతా విని తల అడ్డంగా ఊపింది.

"ఎండకాలం ముంగట ఆకు తీస్తే కొమ్మకు నీడేది బిడ్డా? పెద్ద కోత వానలు పోయినంక, దసరా దాటినంక. ఇప్పుడు వాడిన పువ్వు తీసుడే."

విషయమంతా ఇందులోనే ఉంది. చలిదేశంలో గులాబీ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. అది లేచే వేళకు కోత. మన దగ్గర ఆ నిద్ర లేదు. అక్టోబరులో కోస్తే ఆరేడు వారాల్లో పూత, ఆపైన చలికాలమంతా పూలే. మాఘం దాటాక ముందున్నది మండుటెండ. ఆకు పోయిన పచ్చి కొమ్మ ఎండకు కాలుతుంది, కోసిన గాయంలోంచి ఎండు తెగులు దిగుతుంది. గోధుమ శాస్త్రవేత్త, భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ బి.పి. పాల్ 1966లో 'ది రోజ్ ఇన్ ఇండియా' ప్రచురించారు. మన దేశానికి వేరే గులాబీ పుస్తకం ఎందుకు కావాలో ఆ పెరట్లో నిలబడితే తెలిసింది.

పెద్దమ్మ ఒక వాడిన పువ్వును పట్టుకుని, దాని కింద రెండాకులు మాత్రమే వదులుకుని, బయటివైపు చూసే కన్నుకు కొంచెం పైన ఏటవాలుగా కోసింది. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద రాసింది. తరవాత ఒక ఆకు తిప్పి చూపింది: అడుగున ఇసుక రేణువుల్లాంటి ఎర్రనల్లి, సన్నటి బూజు. ఈ ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుందట. అందుకే పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుకు తగిలేలా నీళ్ళు కొడుతుంది.

మొదళ్ళ చుట్టూ చెరకు కొట్టాక మిగిలిన ఎండాకు నాలుగు వేళ్ళ మందాన పరిచి ఉంది. జహీరాబాద్ చుట్టుపక్కల చెరకుకు కొదవ లేదు. ఈ ఎర్రమట్టిలో నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి, ఆకు కప్పితే తడి నిలుస్తుంది. చెదలు వస్తాయని కాండానికి జానెడు దూరం వదిలింది.

ఒక్క ఆశతో ఫోను తీశాను. అమ్మ మొక్క మొదట్లో వానాకాలంలో పొడుగాటి కొమ్మ లేచింది. మళ్ళీ బతికిందని ఆరునెలలుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. ఫోటోను పెద్దది చేయించుకుని ఆమె చాలాసేపు చూసింది.

"ఇది అంటు కింద నుంచి లేచింది. మీ అమ్మ పువ్వు కాదు బిడ్డా, మొద్దుది."

ఏడేసి రెబ్బలున్న ఆకు చూసి అలా అన్నదేమోనని అడిగాను. కొన్ని మంచి రకాలకూ ఏడుంటాయి, ఆకు లెక్కతో మోసపోవద్దంది. కొమ్మ ఎక్కడ పుట్టిందో మట్టి తీసి చూడాలి.

నాకు మాట రాలేదు. ఆమే మళ్ళీ అంది: "మొద్దు మంచిగుంది గద. పీకెయ్యకు. గా రకం ఇంకెవల్లింట్లనన్న ఉంటే, చలికాలంల కన్ను తెచ్చి గట్టు."

అమ్మ చాలా ఏళ్ళ కిందట తన చెట్టు కొమ్మతోనే అంటు కట్టించి పిన్నికి ఒక మొక్క ఇచ్చింది. అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఉందట. నిన్ననే పూసిందట.