కలాసిపాళ్యంలో గాలి వేట

బెంగుళూరు సిటీ మార్కెట్టు దాటి కలాసిపాళ్యంలో అడుగు పెట్టగానే డీజిలు వాసన ఎదురువస్తుంది. బస్సుల స్టాండు, మరమ్మతు షెడ్లు, చేరువనే జె.సి. రోడ్డున విడిభాగాల దుకాణాలు. కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు అన్నీ ఒకే బోల్టు చుట్టూ వినిపిస్తాయి. డీజిలు పంపులతో ఈ ఊరిది పాత చుట్టరికం. 1951లో వెలసిన మైకో కంపెనీ ఇక్కడి ఆడుగోడిలో వాటిని తయారుచేసింది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అని మారినా, మైకో లేఔటు అన్న పేట పేరు మాత్రం అలాగే ఉన్నది.

ఈమధ్య మేము అక్కడికి వెళ్ళింది తిరుపతి ప్రయాణం కోసమే. మంచాలు, వంటగట్టు అమర్చిన మా పాత డీజిలు వ్యాను తెల్లవారుజామున ఎంతకీ అందుకొనేది కాదు. అందుకొన్నా దారిలో ఆగిపోయేది. ముళబాగిలు, పలమనేరు దాటితే మొగిలి ఘాటు. ఆ దిగుడులో ఇంజను ఆగితే బ్రేకులకూ స్టీరింగుకూ దన్ను తగ్గిపోతుంది. బండిలో పెద్దమ్మగారు, పసిపిల్లలు. ఒకచోట పంపే మార్చాలన్నారు. ఆ ఖర్చు పెడితే ప్రయాణమే మానుకోవలసి వచ్చేది.

కలాసిపాళ్యం మేస్త్రి కోలారు వైపు తెలుగులో, "తొందర పడొద్దు స్వామీ, పంపు మీద చెయ్యి వేసేముందు గాలి సంగతి చూద్దాం" అన్నాడు.

ఫీడుపంపు దాటిన గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక, చిల్లుపడితే డీజిలు కారి కనిపిస్తుంది. టాంకీ నుండి ఫీడుపంపు వరకు డీజిలును పీల్చుకొనే గొట్టం సంగతి వేరు. చుక్క కారకపోవచ్చును, గాలి మాత్రం లోపలికి పోతుంది. రాత్రి బండి నిలిచినప్పుడు డీజిలు వెనక్కు టాంకీలోకి జారిపోతుంది. ఉదయపు మొండితనం అందువల్లనే.

మేస్త్రి ఫీడుపంపు ముందర జానెడు తెల్లని ప్లాస్టిక్కు గొట్టం తగిలించాడు. లోపల బుడగలు వరుసగా పోతున్నవి. తరువాత టాంకీ దారి విడదీసి, డీజిలు డబ్బా ఒకటి ఎత్తున కట్టి, దాని నుండి గొట్టం కలిపాడు. చేతిపంపు కొట్టి గాలి వదిలించాడు. అరగంటసేపు ఇంజను నిలకడగా తిరిగింది; ఒక్క బుడగ లేదు. పంపులో దోషం లేదని తేలింది. ఇక టాంకీ వైపు ఒక్కొక్క అతుకే చూచుకుంటూ పోగా, టాంకీ చెంత క్లిప్పు కింద రబ్బరు గొట్టం వెంట్రుకవాసి చిట్లి ఉన్నది. మూరెడు కొత్త గొట్టంతో పని తీరింది.

అయినా బండిని ఆ రాత్రికి అక్కడే ఉంచమన్నాడు. చల్లారిన ఇంజను మరునాడు మొదటి తిప్పుకే అందుకొన్నది. ఇటువంటి పాత బండ్లలో కుటుంబంతో బయలుదేరేవారు రెండు రోజుల ముందే ఈ పరీక్ష చేయించుకోవడం మేలు. రాత్రంతా నిలిచి ఉదయాన పలికిన బండినే ఘాటుకు నమ్మవచ్చును.