నూతిలో ఉంటేనే చేదలోకి

ఒకే కారు, ఒకే బాడీ, ఇంజిన్ కూడా అదే 999 సీసీ, మూడు సిలిండర్లు. అయినా 2020 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలోలో బేస్ వేరియంట్ ట్రెండ్‌లైన్ పవర్ 76 పీఎస్ అయితే, పైనున్న హైలైన్ ప్లస్‌ది 110 పీఎస్. టార్క్ చూస్తే తేడా ఇంకా ఎక్కువ: ఒకటి 95 న్యూటన్ మీటర్లు, రెండోది 175.

పోలో మన దేశంలో 2022లోనే ఆగిపోయింది, కానీ సెకండ్ హ్యాండ్‌లో క్రేజ్ తగ్గలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి మూడేళ్ళ జీతంలో దాచుకున్న డబ్బుతో అదే కొంటానంటున్నాడు. తను చూసిన ట్రెండ్‌లైన్‌కీ హైలైన్ ప్లస్‌కీ మధ్య తేడా లక్షన్నర. "రెండూ వెయ్యి సీసీయే కదరా. బేస్ కొనేసి రీమ్యాప్ చేయిస్తే టాప్ మోడల్ అయిపోతుంది. నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా, చెప్పు" అన్నాడు. మా ఇంట్లో ప్రింటర్ ఆగినా, టీవీ రిమోట్ పనిచేయకపోయినా నన్నే పిలుస్తారు. ఇప్పుడు కారు కూడా వచ్చి చేరింది.

నిజానికి ఇది సగం మన సబ్జెక్టే. కారులో ఈసీయూ అని ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్నిండా టేబుల్స్. ఇంజిన్ ఎంత స్పీడుగా తిరుగుతోంది, లోపలికి ఎంత గాలి వస్తోంది అనే రెండు ఇండెక్స్‌లు ఇస్తే, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, పెట్రోల్ ఎంత చిమ్మాలో చెబుతుంది. మన భాషలో టూడీ అర్రే అన్నమాట. రీమ్యాప్ అంటే ఆ అర్రేలో నంబర్లు మార్చడమే. కారులోకి కొత్త పార్ట్ ఒక్కటీ రాదు.

ఇక్కడే అన్నయ్య లెక్క తప్పింది. కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. బేస్ మోడల్‌లో ఉన్న ఎంపీఐ ఇంజిన్‌కి టర్బో లేదు. బయటి గాలి తనంతట తాను ఎంత లోపలికి వస్తే అంతే. టేబుల్‌లో పెట్రోల్ ఎంత పెంచినా గాలి పెరగదు కాబట్టి, మహా అయితే నాలుగైదు పీఎస్ కలుస్తుంది. నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది! గ్రాఫిక్స్ కార్డే లేని ల్యాప్‌టాప్‌లో దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే గేమ్ ఆడుతుందా?

హైలైన్ ప్లస్‌లో ఉన్న టీఎస్‌ఐ కథ వేరు. టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది, ఇంటర్‌కూలర్ ఆ గాలిని చల్లబరుస్తుంది, పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. గేర్లు కూడా అయిదు కాదు, ఆరు. ఎంత ప్రెషర్‌తో నొక్కాలన్నది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒక నంబర్. అందుకే రీమ్యాప్‌తో 130 పీఎస్ దాటిస్తామని ట్యూనర్లు చెబుతారు. యూరప్‌లో తర్వాతి తరం పోలోలో 1.0 టీఎస్‌ఐని 95 పీఎస్, 115 పీఎస్ అని రెండు రకాలుగా అమ్మారు కూడా.

మరి అంత దాచిపెట్టడం కంపెనీకి చేతకాకనా? కాదు. అదే ఫైలు రామగుండం మే నెల ఎండలోనూ పనిచేయాలి, పెట్రోల్ నాసిరకంగా ఉన్న బంకు దగ్గరా పనిచేయాలి, సర్వీసు ఎగ్గొట్టే ఓనర్ చేతిలోనూ పనిచేయాలి. మనం సర్వర్‌ని ఎప్పుడూ నూరు శాతం సీపీయూ మీద నడపం కదా, ఇదీ అంతే. ఆ మిగులు వాడేసుకుంటే ఆ భారం క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద, పిస్టన్ల మీద పడుతుంది. వారంటీ ఉంటే పోతుంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే ప్రశ్నలు వేరే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు.

అందుకే అన్నయ్యకి ఒకటే చెప్పాను. రోజూ ఆఫీసుకి, నెలకోసారి ఊరికి అయితే బేస్ కొనుక్కో, రీమ్యాప్ డబ్బులు మంచి టైర్లకి పెట్టు. హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ లాగుడు కావాలనుకుంటే లక్షన్నర టర్బోకే కట్టు, తర్వాత దాన్ని ముట్టుకోకు. ఆ 175 న్యూటన్ మీటర్లు 1750 ఆర్‌పీఎం నుంచే అందుతాయి, రోడ్డు మీద పనికొచ్చేది అదే. "అయితే ఇంకో ఆర్నెల్లు ఆగుతా" అన్నాడు, కొంచెం నీరసంగా.

ప్లేస్‌మెంట్ వచ్చాక మొదటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. టర్బో కారైతే, ముందున్న ఓనర్ రీమ్యాప్ చేయించి, అమ్మే ముందు పాత ఫైలు మళ్ళీ ఎక్కించి ఉండొచ్చు. చూడ్డానికి ఏమీ తెలియదు. కొన్ని ఈసీయూలు మాత్రం తమని ఎన్నిసార్లు రీప్రోగ్రామ్ చేశారో లెక్క దాచుకుంటాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు స్కాన్ చేయించండి, క్లచ్ జారుతోందేమో ఎత్తు మీద నడిపి చూడండి.