పప్పు ఉడకని నీళ్ళు



మన సంఘం వ్యాను ఆరు వారాలుగా కనబడకపోయేసరికి చాలామంది ఫోన్లు చేశారు. కువైట్ నుంచి ఒకరైతే "అమ్మేశారా అయ్యగారూ?" అనే అడిగేశారు. అమ్మలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాము. ఇందులో మేము సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. ఇంత ఆలస్యం అందుకే.

ఆ రాత్రి పదకొండింటికి పడమటి వీధి మామ్మకు ఆయాసం ఎక్కువైంది. బందరు తీసుకెళ్ళాలని డ్రైవరు తమ్ముణ్ణి లేపాము. మామ్మ, ఆమె కోడలు, మేమిద్దరం ఎక్కాము. మోపిదేవి వరకు ఏ ఇబ్బందీ లేదు. చల్లపల్లి దాటాక వేడి చూపించే సూది పైకి లేవడం మొదలుపెట్టింది. తమ్ముడు సూదిని చూశాడు, వెనక మామ్మ పీలుస్తున్న ఊపిరినీ విన్నాడు. ఆపలేదు. ఇంకో ఐదారు కిలోమీటర్లు లాగాడు. తర్వాత కింద నుంచి తెల్లటి ఆవిరి లేచి బండి దానంతటదే ఆగిపోయింది.

చీకట్లో రోడ్డు మీద నిలబడి మేము అతణ్ణి తిట్టాము. "సూది పైకి పోతుంటే కళ్ళెక్కడ పెట్టుకున్నావు? సంఘం సొమ్మని లెక్కలేదా?" అన్నాము. మా ఇద్దరిలో ఆ మాట ఎవరన్నారో విడదీసి రాయడం అనవసరం. ఒకరు అన్నారు, ఒకరు ఆపలేదు. అతను తిరిగి ఒక్క మాట అనలేదు. ఇంతలో చేపల పెట్టెలు వేసుకుని బందరు పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. ఆ పెట్టెల మధ్యనే మామ్మను కూర్చోబెట్టి తీసుకెళ్ళాము. దేవుని కృపను బట్టి నాలుగో రోజున ఆమె నడిచి ఇంటికి వచ్చింది. తమ్ముడు ఆ రాత్రంతా దోమల్లో బండి దగ్గరే ఉన్నాడు. తెల్లారి బండిని తాడు కట్టి లాగించి షెడ్డుకు చేర్చాడు. తాళాలు మా కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు.

షెడ్డులో మెకానిక్కు హెడ్డు విప్పాడు. ఒక బోల్టు ఊడదీస్తుంటే దానితోపాటే బ్లాకులోని మరలు వెండి పీచులాగా చుట్టుకుని బయటికి వచ్చాయి. మన బండి బ్లాకు అల్యూమినియం. పిస్టన్లు ఆడే గొట్టాలకు మాత్రమే లోపల ఇనుప తొడుగులు ఉంటాయి. "మా వల్ల కాదు, ఆటోనగర్ తీసుకుపోండి" అన్నాడు. ఇంజను దింపించి, విప్పిన బ్లాకును గోనె పట్టాలో చుట్టి విజయవాడ పట్టుకెళ్ళాము.

అక్కడి మేస్త్రీ వయసులో పెద్దాయన. బ్లాకును బల్ల మీద పెట్టి, హెడ్డు కూర్చునే పైముఖాన్ని వేలితో తడిమాడు. నీళ్ళు పోయే రంధ్రాల చుట్టూ లోహం చెదలు తిన్న కర్రలా గుంటలు పడి ఉంది. గుంటల్లో సున్నంలాంటి తెల్లటి పొడి. గోటితో గీకి మాకు చూపించి అడిగాడు: "ఇందులో ఏం నీళ్ళు పోస్తున్నారు?"

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. చర్చి ఆవరణలో బోరు నీళ్ళు. దివిసీమలో పుట్టినవారికి ఆ నీళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మేము తాగడానికి క్యాను కొనుక్కుంటాము, బండికి మాత్రం బోరు నీళ్ళు పోశాము. మూడేళ్ళ క్రితం ఖర్చుల చీటీలో కూలెంటు డబ్బా కనిపిస్తే, చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పోసుకునేది మనకెందుకని కొట్టేసింది మేమే. తమ్ముడు రెండుసార్లు గుర్తు చేశాడు కూడా.

మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. అల్యూమినియం మీద గాలి తగలగానే పలచని పొర ఒకటి కట్టుకుంటుంది. లోపలి లోహాన్ని కాచేది అదే. గీత పడినా మళ్ళీ తనే కట్టుకుంటుంది. కానీ నీళ్ళలో ఉప్పు ఉంటే ఆ పొర అక్కడక్కడ తెగుతుంది, తెగినచోట గుంట పడి లోతుకు పోతుంది. కూలెంటులో ఉండే మందు తుప్పును ఆపడానికి, నీళ్ళు తొందరగా మరగకుండా ఉండడానికి కూడా. మన ఎండలకు అది ఇంకా అవసరం. గుంటలు పాకి పాకి గాస్కెట్టు అంచు కిందికి వచ్చాయి. సిలిండరులో మండిన గాలి నీళ్ళలోకి దూరింది. ఆ రాత్రి సూది లేచింది అందుకే. "ఇది ఒక్క రాత్రి పని కాదు అయ్యగారూ, ఏళ్ళ పని. ఆ రాత్రి బయటపడిందంతే" అన్నాడు.

ఆ మాట తర్వాత మేము చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము.

పాత బ్లాకు ఒకటి కొని వేసుకోవచ్చు. దానికి అయ్యే ఖర్చులో మూడో వంతుకే దీన్ని బాగుచేయవచ్చు, కానీ హామీ ఇవ్వనన్నాడు. సంఘం పెట్టెలో ఉన్నది చూసుకుని బాగుచేయమన్నాము. అక్కడే రెండు రోజులు కూర్చుని చూశాము.

ముందు కడగడం. ఇనుప బ్లాకులనైతే కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుతారు. అల్యూమినియాన్ని అందులో వేస్తే మురికితోపాటు అదీ కరిగిపోతుంది. అందుకని కిరసనాయిలుతో, తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. ఎర్ర రంగు మందు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లాడు. కాసేపటికి ఆ తెలుపులో వెంట్రుకవాసి ఎర్ర గీత తేలింది. బోల్టు రంధ్రం నుంచి నీళ్ళ దారి వరకు పగులు. కంటికి అంతవరకు కనబడలేదు.

వెల్డింగు చేసేది మేస్త్రీ కాదు, పక్క షెడ్డులో భాయ్. ఇది ఇనుము అతికినట్టు కాదట. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైనున్న పొర మాత్రం రెండు వేల డిగ్రీలు దాటితే గాని కరగదు. పొర కరిగేదాకా కాలిస్తే కింద లోహం కారిపోతుంది. పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. అప్పటిదాకా అదే రంగులో ఉండి ఒక్కసారిగా కూలబడుతుంది. అందుకని ఏసీ కరెంటు మీద, ఆర్గాన్ గ్యాసు ముసుగులో అతుకుతారు. ఆ కరెంటు ఒక దిక్కు పోతూ పొరను చెదరగొడుతుంది, ఇంకో దిక్కు పోతూ లోహాన్ని కరిగిస్తుంది. గుంటల్నీ పగులునూ మెరిసే లోహం తగిలేదాకా భాయ్ తొలిచాడు. చెడినదాన్ని పూర్తిగా తీయకుండా పైన పోస్తే నిలవదన్నాడు. బ్లాకంతా సమంగా వెచ్చచేశాడు. ఏళ్ళ తరబడి పీల్చుకున్న నూనె ఆ వేడికి చెమటలా పైకి వచ్చింది. తుడిచాడు, మళ్ళీ వెచ్చచేశాడు, మళ్ళీ తుడిచాడు. తర్వాత సిలికాను కలిసిన కడ్డీతో అంగుళం అతకడం, ఆగడం, ఇంకో మూలకు పోయి ఇంకో అంగుళం. ఒకేచోట వేడెక్కితే గొట్టాలు వంకరపోతాయట.

నిర్గమకాండములో బెసలేలు గురించి మనము ఎన్నోసార్లు ధ్యానించాము. అతని బంగారము, వెండి, ఇత్తడి పనిలో అల్యూమినియం లేదు. దాన్ని మనుషులు మొదట విడదీసిందే 1825లో. అయినా ఆ షెడ్డులో మాకు అతనే గుర్తొచ్చాడు.

మర్నాడు బ్లాకు చల్లారాక దారులన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. ఒక మూల నుంచి సన్నగా బుడగలు, పూసల దండలాగా. ఇక అయిపోయిందనుకున్నాము. భాయ్ మాత్రం అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, బ్లాకు తీసి, తను అతికినదాన్నే మళ్ళీ తొలిచాడు. లోపల గుండుసూది మొనంత బొక్క. మళ్ళీ అతికాడు. రెండోసారి బుడగ రాలేదు.

మిగతాది త్వరగానే అయింది. పైముఖాన్ని వీలైనంత తక్కువగా చెక్కి, ఉక్కు బద్ద పెట్టి సందు కొలిచారు. 0.05 మిల్లీమీటరు రేకు కూడా దూరలేదు. మరలు పోయిన రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి స్టీలు తీగ చుట్ట దించారు. మెత్తని అల్యూమినియంలో మొదట ఉన్న మరల కంటే అదే గట్టిగా పట్టుకుంటుందట. హెడ్డు బోల్టులు కొత్తవి వేసి, మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా బిగించారు.

బండి కంటే ముందు మేము చేయవలసిన పని ఇంకొకటి ఉంది. విజయవాడ నుంచి వచ్చిన రాత్రే తమ్ముడి ఇంటికి వెళ్ళాము. వాళ్ళమ్మ కుర్చీలు వేసి టీ పెడతానంది. కూర్చోకుండానే చెప్పాము, తప్పు మాది, నిన్ను అనరాని మాట అన్నాము, క్షమించు అని. అతను తల వంచుకుని, "పర్లేదులెండి అయ్యగారూ" అన్నాడు. ఆ 'పర్లేదు' మనసులోంచి వచ్చింది కాదని మాకు తెలుసు. రోడ్డు మీద మామ్మ ముందు, కోడలి ముందు తిట్టి, ఇంట్లో గుట్టుగా క్షమాపణ అడిగితే ఎలా సరిపోతుంది? అందుకని ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు, సంఘం ఎదుట చెప్పాము. చీటీలో కూలెంటు కొట్టేసిన సంగతి కూడా చెప్పాము. వచ్చినవారికి అది గుర్తుండే ఉంటుంది.

ఎవరూ మాట్లాడలేదు. ముందు వరుసలో మామ్మ మాత్రం అంది: "డెబ్బై ఏడు ఉప్పెనలో అంత ఉప్పునీరు తాగి నేను బతికాను. మీ బండి బోరు నీళ్ళకే పోయిందా!" అందరూ నవ్వారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు కూడా.

బండి వచ్చి నెలైంది. సూది సగానికి కింద ఉంటోంది. ఆ అతుకు ఎన్నాళ్ళుంటుందో భాయ్ చెప్పలేదు, మేమూ అడగలేదు. తాళాలు ఇవ్వడానికి వెళ్ళిన రోజు తమ్ముడు వాటిని వెంటనే అందుకోలేదు. ముందు బండి దగ్గరికి నడిచాడు. మూత తీసి, కూలెంటు సీసాను వెలుతురుకు అడ్డంగా పట్టి రంగు చూశాడు, వాసన చూశాడు. తర్వాత మావైపు తిరిగి, "ఇందులో మీరేం కలపలేదు కదా?" అని అడిగి, చెయ్యి చాపాడు.