అరవై సీడీలు, ఒక క్యాసెట్

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే అటక మీది నుంచి ఓ అట్టపెట్టె దిగింది. తెరిస్తే పదిహేడు సీడీలు. ప్రతిదాని మీదా నల్ల మార్కర్‌తో నా రాతే: ‘అమ్మ బతుకమ్మ పాటలు’.

మా అత్తమ్మ పాట ఎత్తుకుంటే కేసముద్రంలో మా వాడకట్టు ఆడవాళ్లంతా పనులు వదిలి వచ్చేవాళ్లు. 2005లో మా ఆయన టేప్‌రికార్డర్ గడప దగ్గర పెట్టి, తొంభై నిమిషాల క్యాసెట్ రెండు వైపులా నింపారు. 2010లో ఆమె పోయారు. సంవత్సరీకానికి వచ్చినవాళ్లకు స్టీలు గిన్నెలు పంచుదామని ఆడబిడ్డ అంటే, మా మరిది “గిన్నెలు ఎవరింట్ల లెవ్వక్కా? అమ్మ గొంతు పంచుదాం” అన్నాడు. అందరం ఒప్పుకున్నాం.

అతను మానుకోటలో కంప్యూటర్ పని చేసేవాడు. ఇంకో రెండు సీడీ రైటర్లు తెచ్చి మా పాత కంప్యూటర్ మూత విప్పి తగిలించాడు. ఒకేసారి మూడు సీడీలు. అరవై కావాలి, అంటే ఇరవై విడతలు. తొందరపడి ఎక్కువ స్పీడు పెడితే పాత కంప్యూటర్ మూడింటికీ సరిపడా అందించలేక చతికిలబడింది, మొదటి మూడూ పాడు. తగ్గించి 16కు పెడితే విడతకు ఆరేడు నిమిషాలు. నాకప్పజెప్పిన పని తేలికే. మూడు ట్రేలు బయటికి రాగానే తీయడం, కొత్తవి పెట్టడం, చల్లారాక పేరు రాయడం. అటు పప్పు కుక్కర్, ఇటు సీడీలు!

అది 2011 సకల జనుల సమ్మె కాలం. సింగరేణి కార్మికులూ సమ్మెలో ఉన్నారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. రెండుసార్లు సగంలో పోయింది, ఆరు సీడీలు బలి. మొత్తం తొమ్మిదింటినీ మామయ్య మక్కచేనులో పిట్టలు వాలకుండా దారం కట్టి వేలాడదీశారు. బస్సుల్లేక సగం మంది చుట్టాలు రానేలేదు. మిగిలిన సీడీలే ఈ పదిహేడు.

అసలు సంగతి వేరే ఉంది. క్యాసెట్ తొంభై నిమిషాలు, సీడీలో పట్టేది ఎనభై. పది నిమిషాలు తగ్గించాలి. “ఏం తీయాలె వదినా?” అని మరిది అడిగితే, “పాటల నడుమ ముచ్చట్లున్నయి కదా, అవి తీసెయ్” అన్నాను. కనీసం విని చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు.

ఇప్పుడు ఆ సీడీలు పాత డీవీడీ ప్లేయర్‌లో పెడితే సగం గిర్రున తిరిగి ఆగిపోతున్నాయి. అన్నీ ఒకే కట్టలోని చవక సీడీలు మరి. క్యాసెట్ మాత్రం నా పట్టుచీరల కింద భద్రంగానే ఉంది. మా అమ్మాయి ఎవరినో అడిగి టేప్‌రికార్డర్ తెచ్చింది. అక్కడక్కడ గొంతు సాగుతోంది, కానీ పాడింది. రెండో పాట అయ్యాక ఎవరో బతుకమ్మ మస్తుగుందన్నారు. అత్తమ్మ గొంతు: “నేను పేర్చలె. మా కోడలు పేర్చింది. పొద్దటి సంది అన్నం గూడ తినలె పిల్ల. నాకు గిట్ల రాదమ్మా.”

అప్పటికి నాకు పెళ్లై ఏడాది. ఆ మాటలప్పుడు వంటింట్లో ఉన్నట్టున్నాను. ఆరేళ్లు కలిసి ఉన్నాం, నా ముందు ఒక్కనాడూ నన్ను మెచ్చుకోలేదని ఎంతమందితో చెప్పుకున్నానో.

ఆ ముక్క ఫోన్‌లో రికార్డు చేసి మరిదికి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “నువ్వే తీసెయ్యమన్నవు వదినా” అన్నాడు.

అవును, నేనే.