పొలంలో గుర్రం: కొన్న ధర, పోషణ వ్యయం

పట్టణంలో ఉద్యోగం చేస్తూ పల్లెలో పొలం కొనుక్కున్నవారు అక్కడ గుర్రాన్ని కూడా పెంచాలని సంకల్పించినప్పుడు మొట్టమొదట విచారించేది దాని ధరనే అయినా, ఆర్థిక దృష్టితో పరిశీలిస్తే ఆ ధర మొత్తం వ్యయంలో చాలా చిన్న భాగం. హైదరాబాదులోని మలక్‌పేట వంటి మైదానాల్లో పందేలు మానిపించిన థరోబ్రెడ్ గుర్రాలు, అనగా పరుగు కోసమే తరతరాలుగా జోడుకట్టించి పెంచిన జాతి గుర్రాలు, తరచుగా చౌకగానే చేతికి వస్తాయి. అయితే అవి రెండు మూడేళ్ల వయసులో పరుగు మొదలుపెట్టి సాధారణంగా పదేళ్లు నిండకముందే విరమిస్తాయి. గుర్రం ఆయుర్దాయం పాతిక ముప్పై ఏళ్ల వరకు ఉంటుంది గనుక, కొన్నవారు నిజానికి తలకెత్తుకునేది పదిహేను ఇరవై ఏళ్లపాటు సాగే బాధ్యతను. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత చెప్పేది కూడా స్థిర వ్యయం గురించే: పని జరిగినా జరగకపోయినా, రాబడి ఉన్నా లేకపోయినా ఆగని ఖర్చును ఆ పేరుతో పిలుస్తారు.

గుర్రానికి రోజుకు దాని బరువులో సుమారు రెండు శాతం ఎండు మేత అవసరమవుతుంది. 450 కిలోల గుర్రానికి అది తొమ్మిది కిలోలు, సంవత్సరానికి మూడు టన్నులకు పైమాటే. ఈ లెక్క చూసి కంగారుపడిన రైతు, పాడి కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డినే గుర్రానికీ వేసి ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం సహజమే కాని, పొలాల్లో గుర్రాలకు జరిగే అనర్థాల్లో కొన్ని సరిగ్గా ఇక్కడే మొదలవుతాయి. నేపియర్‌లో ఆక్సలేట్లు అనే లవణాలు అధికం. అవి మేతలోని కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విచ్ఛిన్నం చేయగలవు గనుక దానికి హాని అంతగా ఉండదు, గుర్రానికి ఆ రక్షణ లేదు. దానికి తోడు ఫాస్ఫరస్ మెండుగా ఉన్న తవుడు కూడా పెడితే శరీరం తన ఎముకల నుంచే కాల్షియాన్ని తోడుకుంటుంది, క్రమంగా ముఖపు ఎముకలు ఉబ్బి నడక కుంటుపడుతుంది. ఆదా అయిన మేత డబ్బు అంతకు అనేక రెట్లు వైద్యానికి పోతుంది. కోళ్ల దాణాలో రోగనివారణకు కలిపే మోనెన్సిన్ అనే మందు అంతకన్నా ప్రమాదకరం. కోళ్లకు క్షేమకరమైన ఆ పదార్థం కొద్ది మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు. కోళ్ల షెడ్డూ గుర్రపు సాలా ఉన్న పొలంలో రెండు దాణాలకు వేర్వేరు గదులు కట్టించడం పొదుపులో భాగమే.

నేపియర్ వల్ల కలిగే హాని కారణంగానే ఈ వ్యాసకర్త కుటుంబం తన తోటలో కొంత భాగాన్ని ఆక్సలేట్లు తక్కువగా ఉండే గరికకు విడిచిపెట్టింది. అక్కడ కూరగాయలు వేస్తే వచ్చే రాబడిని వదులుకోవడం పైకి కనిపించని వ్యయమే అయినా దాన్ని కూడా గుర్రాల పద్దులోనే రాసుకోవడం అలవాటు చేసుకుంది. గుర్రం మంద జంతువు, ఒంటరిగా కట్టేస్తే బెంగతో సాలలోని కొయ్యను కొరుకుతూ చిక్కిపోతుంది గనుక, ఒక గుర్రాన్ని కొనదలచినవారు మొదటినుంచీ రెండింటికి లెక్క వేసుకోవడమే న్యాయం.

గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలే, 2012తో పోలిస్తే దాదాపు 45 శాతం తగ్గుదల. గుర్రాలు తగ్గినకొద్దీ లాడాలు కొట్టే పనివారూ, గుర్రపు వైద్యం ఎరిగినవారూ పల్లెలకు దూరమయ్యారు, కాబట్టి పనికిచ్చే కూలికన్నా ప్రయాణపు ఖర్చే ఎక్కువ కావచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగుల్లో మేత అడ్డుపడితే వచ్చే శూల గంటల్లోనే ప్రాణాపాయంగా మారుతుంది, రాత్రివేళ వైద్యుణ్ణి రప్పించడానికి చేతిలో డబ్బు సిద్ధంగా ఉండాలి.

పెళ్లి ఊరేగింపులతో ఈ ఖర్చు తిరిగి రాబట్టవచ్చని కొందరు భావిస్తారు గాని, ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలు ఉండవు, దాణా మాత్రం ఆగదు. పైగా బాణసంచాకు బెదిరే పందెపు గుర్రాన్ని జనం మధ్యకు తీసుకుపోవడం అందరికీ ప్రమాదమే. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ పశుధన మిషన్‌లో గుర్రాలు, గాడిదల పెంపక సంస్థల స్థాపనకు 50 శాతం మూలధన సబ్సిడీని చేర్చింది. మూలధనమంటే షెడ్డు, పశువులు వంటి తొలి పెట్టుబడి, రోజువారీ మేత దాని పరిధిలోకి రాదు. పన్ను విషయంలోనూ ఊరట స్వల్పమే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 74ఎ సెక్షను, పందెపు గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని అదే వ్యాపకపు ఆదాయంతో మాత్రమే సర్దుకోనిచ్చి, మిగిలినదాన్ని నాలుగేళ్లకు మించి ముందుకు తీసుకుపోనివ్వలేదు. జీతం మీది పన్ను తగ్గించుకోవడానికి గుర్రాన్ని చూపడం కుదరదు.

పై ఆధారాలేవీ నమ్మదగినవి కానందున ఆ కుటుంబం గుర్రాలను కొనే ముందే ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచి, వైద్యానికీ వార్ధక్యానికీ అయ్యే ఖర్చును అందులో నెలనెలా వేరుచేసింది. ఆ డిపాజిట్‌కు చెల్లించలేని నెల వస్తే ముందుగా తగ్గేది ఇంటివారి ప్రయాణాలూ పండుగ కొనుగోళ్లే గాని మేత కాదన్న నిబంధనను కూడా పద్దు పుస్తకం మొదటి పుటలోనే రాసుకుంది.