లంకలోని గుమ్మడిపాదు

విజయవాడ కడ ప్రకాశం బ్యారేజిపై నిలిచి దిగువకు చూచినచో, ఇసుకతిన్నెల నడుమ కృష్ణ పాయలై సాగిపోవుట కనబడును. 1855లో ముగిసిన తొలి ఆనకట్టకు 1952లో గండిపడగా, దానికి బదులుగా 1957లో ఈ బ్యారేజి ఏర్పడినది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమనుండియే పోవును. ఈ నీటివలన డెల్టాకు వరి సమృద్ధియైనదని అందఱును చెప్పుదురు. కాలువగట్ల వెంబడి యిండ్ల పెరళ్లలో గుమ్మడియు, సొరయు, బీరయు అల్లుకొన్నవని చెప్పువారు తక్కువ. వరిచేను ఇంటి యజమానుని లెక్కలోనిది. పెరడు ఇల్లాలి లెక్కలోనిది. ఆ లెక్కను గూర్చియే మేమిచ్చట వ్రాయదలచితిమి.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపు పేటలను ముంచివేసెను. ఆ దినములలోనే కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద బ్యారేజిని దాటినది. తీగజాతికి నీరు ప్రాణమే గాని నిలువనీరు మృత్యువు. మా బంధువుల పెరళ్లలోని పాదులన్నియు కుళ్లిపోయినవి. పాదు పోయిన మరల పెట్టవచ్చును. గూటిలో మూటగట్టి దాచిన గింజలు సైతము నానిపోయినవి. అవి అంగడిలో దొరకు గింజలు కావు. అత్తగారు కోడలికిచ్చినవి, కోడలు పొరుగిండ్లకు పంచినవి. మొదట ఆ విత్తనము లంకలోని మా పినతల్లిగారి యింటనుండి వచ్చినదే. కావున ఆ యేటి ధనుర్మాసమున మేము అచ్చటికి బయలుదేరితిమి.

యనమలకుదురు మీదుగా కరకట్టబాటను పోయితిమి. ఒక ప్రక్క నది, మఱియొక ప్రక్క అరటి, పసుపు, చెఱకు తోటలు. తోట్లవల్లూరు దాటి లంకలోనికి దిగునప్పటికి ప్రొద్దెక్కెను. అచ్చటను వరద వచ్చినది. గోడలపై నీటిచాఱ యింకను మాయలేదు. "మఱి గింజలెట్లు మిగిలినవి పిన్నీ?" యని యడిగితిమి. ఆమె వంటయింటి దూలమునకు వ్రేలాడుచున్న ఎండు సొరబుఱ్ఱను చూపెను. అందు కచ్చిక బూడిదతో కలిపి గింజలుంచి, మూతికి గుడ్డ బిగించియుండిరి. వరద తీసిన వెంటనే, క్రొత్తగా పట్టిన ఒండ్రులో ఆమె వానిని నాటినది. మేము పోవునప్పటికి తీగ పాక కప్పు నెక్కి పసుపుపచ్చని పూలతో నిండియుండెను.

మఱునాడు తెల్లవారకముందే గొబ్బెమ్మలకు పూలు కోయుటకు మనుమరాలు బుట్ట పట్టుకొని వచ్చినది. పినతల్లిగారు వెంటనుండి, "పిందె ఉన్న పువ్వు జోలికి పోబాకమ్మా. ఉత్తకాడ పువ్వే కొయ్యి. అవీ అన్నీ కొయ్యబాక, నాలుగు ఉంచు" అని చెప్పెను. ఈ మూడు మాటలలో గుమ్మడి సేద్యపు మర్మమంతయు కలదు. గుమ్మడితీగకు రెండు విధముల పూలు పూయును. సన్నని పొడవైన కాడపై నిలుచునది పోతుపూవు. రేకుల క్రింద చిన్న కాయవంటి ఉబ్బు గలది పిందెపూవు. పోతుపూలు ముందుగాను, మిక్కిలిగాను పూయును. రెండును వేకువను విప్పారి, మధ్యాహ్నమునకు ముందే ముడుచుకొనును. ఆ కొద్దిసేపటిలో తేనెటీగ పోతుపూవు పుప్పొడిని పిందెపూవునకు చేర్పవలయును. పోతుపూలన్నియు గొబ్బెమ్మల కెక్కినచో పండుగ జరుగును గాని దప్పళమునకు కాయ యుండదు. ఎఱిగి కోసిన రెండును దక్కును.

పట్టణమునందు పిందెలు పండుబాఱి రాలినప్పుడు దిష్టి తగిలినదని తీగకు పాతచెప్పు కట్టువారిని మనమెఱుగుదుము. పలుమాఱులు అది దిష్టికాదు, తేనెటీగ రాకపోవుటయే. అట్టిచోట ఉదయము ఎనిమిది గంటలలోపల పోతుపూవును కోసి, రేకులు తీసివేసి, నడిమి కాడను పిందెపూవు నడుమ మెల్లగా అద్దవలయును. తేనెటీగలు తిరుగు వేళ ఏ మందును చల్లరాదు. గంధకపు పొడి తీగజాతి ఆకులను మాడ్చును గనుక దానిని వాడకుండుట మేలు.

డెల్టా నల్లనేల నీరు పట్టి యుంచును. కావున మిట్ట చేసి, మూరెడు గుంటలో మాగిన పశువులయెరువును, కొంత యిసుకను కలిపి, నాలుగైదు గింజలు నాటి, బలమైన రెండు మొలకలను మాత్రము ఉంచవలయును. లేత ఆకులను తినెడి ఎఱ్ఱ పెంకుపురుగులను చల్లని వేకువను ఏరివేయుట సులభము. పండుఈగ కుట్టి రాలిన పిందెలను అచ్చటనే విడువక పాతిపెట్టవలయును. నేలపై పెరుగు కాయ క్రింద గడ్డి పఱచిన కుళ్లదు. తొడిమ యెండి, గోరు దిగనంతగా తోలు గట్టిపడిన పిమ్మట తొడిమతోనే కోయవలయును. గాలి తగులు అటకపై నుంచిన, అట్టి కాయ నెలల తరబడి నిలుచును.

తియ్యగుమ్మడి మన దేశమునకు సముద్రము దాటి వచ్చినది; దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. సంస్కృతమున కూష్మాండమనబడు బూడిదగుమ్మడి ఆసియాలో పూర్వమునుండి యున్నది. గుమ్మడికాయల దొంగ భుజములు తడుముకొనుట ఈ రెండవదాని పైనుండు బూడిదవలననే. వడియములకు, గుమ్మమునకు కట్టుటకు అది; దప్పళమునకు, బెల్లపుకూరకు ఇది. తియ్యగుమ్మడి పండు గుజ్జులోని పసుపువన్నె పదార్థము దేహములో ఏ విటమినుగా మాఱి బిడ్డల కన్నులకు మేలుచేయును.

పినతల్లిగారు మా కొంగున గింజలు ముడివేసి, "కాసినాక ముగ్గురికన్నా ఇవ్వండి. ఈసారి నాకే లేకపోతే మీ దగ్గరికి వస్తా" ననిరి. పెరడు లేని అంతస్తుల యిండ్లలోని సోదరీమణులు సైతము, ఎండ తగులు మేడపై పెద్దతొట్టిలో ఒక్క పాదు పెట్టి పందిరి కెక్కింపవచ్చును. కాచినవానిలో తీగపై బాగుగా ముదిరిన మంచికాయ నొకదానిని విత్తనమునకు ఉంచుడు. గింజలను కడిగి నీడనారబెట్టి, సగము పైన భద్రపఱచి, సగము వేఱు పేటలోని వారికిండు. ఒక పేటను నీరు ముంచినను మఱియొక పేటలో ఆ విత్తనము మిగులును.