అమ్మ కాళ్లకు తెలిసిన ఇల్లు

మా అమ్మ పడింది నేను కొత్తగా కట్టించిన బాత్రూంలో. చుట్టాలు అడిగితే ఇన్నాళ్లూ "వయసు మీద పడింది కదా, కాలు జారింది" అని చెప్పుకొచ్చాను. అది సగం మాట. కాపురానికి వచ్చిన నాటి నుంచి దొడ్లో జాలారి దగ్గర గరుకు షాబాదు బండల మీద తానం చేసిన మనిషి అక్కడ ఒక్కసారి కూడా జారలేదు. ఆ అలవాటు మాన్పించి నున్నటి టైల్స్ మీదికి తెచ్చింది నేను.

మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. నేనుండేది కొంపల్లిలో. నాయిన పోయాక మా దగ్గరికి రమ్మంటే అమ్మ ససేమిరా అంది. "గీడ నాకు కరెంటు లేకున్నా తొవ్వ దొరుకుతది బిడ్డా. మీ ఇంట్ల పట్టపగలే తెల్వది" అనేది. మొండితనం అనుకున్నాను. ఇంటి భద్రత గురించి నేను విన్న మాటల్లో అంతకన్నా సరైనది లేదని ఇప్పుడంటాను. ఎక్కడ మెట్టుందో, చీకట్లో ఎటు మళ్లితే దర్వాజ తగులుతుందో ఆమె పాదాలకు, అరచేతులకు తెలుసు. ఆ ఎరుకనంతా నేను ఒక్క ఎండాకాలంలో చెరిపేశాను.

ఆమె సుఖం కోసమే చేస్తున్నాననుకున్నాను. కానీ నా మనసులో ఉన్నది వచ్చిపోయే చుట్టాల మెప్పు. టైల్స్ దుకాణంలో రంగు అడిగాను, మెరుపు అడిగాను, తడిస్తే జారుతుందా అని అడగలేదు. నీళ్లు బయటికి రాకూడదని బాత్రూం ముందు నాలుగు వేళ్ల ఎత్తు గట్టు పెట్టించాను. తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టించాను. గోడకు తువ్వాలు వేసే రాడ్డు బిగించి, "అమ్మా, పట్టుకోను ఇది ఉన్నది" అని చూపించాను. "సార్, పాత మట్టి గోడ ఇది, గిట్టీలు బరువు ఆపయి" అని మేస్త్రీ అప్పుడే చెప్పాడు. విని ఊరుకున్నాను. నులక మంచం కొట్టంలో పడేసి, మందపాటి పరుపుతో ఎత్తయిన మంచం తెచ్చాను. దాని మీద కూర్చుంటే అమ్మ పాదాలు నేలకు ఆనేవి కావు. అది కళ్లారా చూసి కూడా, పరుపు మెత్తగుందా అని మాత్రమే అడిగాను.

"బాగనే ఉన్నది బిడ్డా" అంది. కొడుకు ఇష్టపడి చేయించినదానికి వంక పెట్టే తల్లులు ఎందరుంటారు?

ఒకరోజు అమ్మ తెల్లవారకముందే లేచి బాత్రూంకి పోయింది. గట్టు దిగి తడి టైలు మీద కాలు పెట్టగానే జారింది. చేయి రాడ్డు మీద పడింది. రాడ్డు గిట్టీలతో సహా ఊడివచ్చింది. ఆమె తలుపుకు అడ్డంగా పడింది. కేక విని వచ్చిన పక్కింటివాళ్లు తలుపు నెడదామంటే అది ఆమె ఒంటికే తగులుతోంది. చివరికి బందులు ఊడదీసి తలుపు తీశారు. నేను కొంపల్లి నుంచి చేరేసరికి 108 వాళ్లు ఎక్కించుకుంటున్నారు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగినవి చిన్న ప్రశ్నలు. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? లేవగానే నడిచేస్తారా, కాసేపు కూర్చుంటారా? ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగొచ్చని, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడే పెద్దవాళ్లకు ఆ ముప్పు ఎక్కువని అప్పుడు తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కిందపడి ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అలా పోయేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. హెల్మెట్ లేకుండా రోడ్డెక్కితే మందలించే మనం బాత్రూం గురించి ఒక్క మాట మాట్లాడుకోము.

ఆపరేషన్ అయ్యాక అమ్మ మళ్లీ రావల్కోల్‌కే పోతానంది. ఈసారి మేస్త్రీని పిలవడానికి ముందు, వాకర్ పట్టుకుని ఆమె నడుస్తుంటే వెనకాలే నడిచాను. అప్పుడు గుర్తొచ్చింది. పడకగది దర్వాజ పక్కన, నడుము ఎత్తులో, గోడ మీద అరచేయంత నల్లటి మరక ఉండేది. ఏళ్ల తరబడి రాత్రిపూట లేచినప్పుడల్లా ఆమె చేయి ఆనించిన చోటది. పట్టుకునే రాడ్డు ఎక్కడ, ఎంత ఎత్తులో కావాలో ఆ మరకే చెప్పేది. రంగులు వేయించినప్పుడు మురికి అని దాన్ని కప్పేయించింది నేనే.

ఇప్పుడు ఆ చోట రాడ్డు ఉంది. మట్టి గోడ గనుక బోల్టులు ఆరపార దింపి, వెనక ఇనుప పట్టీ వేసి బిగించారు. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల మధ్య ఉండాలని, గోడకూ రాడ్డుకూ మధ్య ఒకటిన్నర అంగుళాల సందు వదలాలని కొన్ని ప్రమాణాలు చెబుతాయి. మా అమ్మ చేయి చెప్పిన ఎత్తు కూడా సరిగ్గా ఆ మధ్యనే ఉంది. కమోడ్ పక్కన ఇంకొకటి పెట్టించాను. బిగించాక వాటికి వేలాడి చూశాను. అది మాత్రం ఎవరూ మానొద్దు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకుంటుంది, గడియ బయటి నుంచి కూడా తీయొచ్చు. గట్టు కొట్టేయించి నేలకు వాటం ఇప్పించాను, గరుకు టైల్స్ వేయించాను. మంచం కోళ్లు కోయించాను. కూర్చుంటే పాదాలు నిండుగా నేలకు ఆనాలి. కాలు కింద పెట్టగానే వెలిగే చిన్న బల్బు మంచం పక్కన ఉంది. అది చార్జింగుది, కరెంటు పోయినా వెలుగుతుంది.

ఒక్క విషయంలో పుస్తకాల మాట పక్కన పెట్టాను. గడపలు తీసేయమని అవన్నీ చెబుతాయి. మా తలవాకిలి గడప తీయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. చూస్తే ఆమె మాటే సరిగ్గా ఉంది. గడప తొక్కకూడదని చిన్ననాటి నుంచి అలవాటైన కాలు అక్కడ దానంతటదే లేస్తుంది. పైగా పసుపు పూసి ముగ్గుచుక్కలు పెట్టిన గడప మసక చూపుకు కూడా ఆనుతుంది. కొత్తగా పెట్టించిన, నేల రంగులోనే ఉన్న బాత్రూం గట్టు దగ్గరే ఆమె పడింది. వాకర్‌తో దాటడానికి గడపకు రెండు వైపులా వాలు చెక్కలు వేయించాం, పసుపు రాయడం మానలేదు.

ఈ దసరాకు ఊరికి పోయేవాళ్లకు ఒక్కటే మనవి. అమ్మానాన్నలకు ఏమేం కావాలని అడిగి జాబితా రాసుకోకండి, ఏమీ వద్దనే అంటారు. ఒక రాత్రి వాళ్ల గదిలోనే పడుకోండి. వాళ్లు లేచినప్పుడు మీరూ లేచి, లైటు వేయకుండా, చేయి ఎక్కడ ఆనుతుందో, అడుగు ఎక్కడ తడబడుతుందో చూడండి. తెల్లారాక అక్కడ పని మొదలుపెట్టించండి. మీరు దూరాన ఉంటే 14567 నంబరు పెద్దక్షరాలతో గోడ మీద రాసిపెట్టండి. వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్ లైన్ అది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది, డబ్బులు పడవు. అత్యవసరమైతే మాత్రం 108కే చేయాలి.